రెండు మానిటర్ల స్టాండు కొనేముందు టేబుల్ వెనక అంచు కొలవండి

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో పెట్టుకుంటాను. టేబుల్ వెడల్పు 120 సెం.మీ., లోతు 60 సెం.మీ., పైపలక 18 మి.మీ. పార్టికల్ బోర్డు, వెనక అంచు గోడకు ఆనించి ఉంది. రెండు 27 అంగుళాల మానిటర్లు, కంపెనీ ఇచ్చిన స్టాండు తీసేస్తే ఒక్కోటి నాలుగున్నర కిలోలు. రోజంతా కోడింగ్ పని, రెండు స్క్రీన్లనూ దాదాపు సమానంగా వాడతారు, వీలైతే ఒకదాన్ని నిలువుగా తిప్పాలని కూడా ఉంది. గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్ (వేలితో ఎత్తినా లేచే, మానిటర్‌ను మోసే చేయి) కొనాలా, నిలువు పోల్ ఉన్న మామూలు స్టాండు చాలా, టేబుల్ ఆ బరువు ఆపుతుందా అన్నది మీ సందేహం.

ఆఫీసుల్లో, ఇళ్లలో ఇలాంటి డెస్కులు అమర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి నా జవాబు ముందే చెప్పేస్తాను. మీకు పోల్ స్టాండు చాలు. మానిటర్‌ను మోసే ఒక్కో చేయి (ఆర్మ్) రెండు ముక్కలుగా, మధ్యలో మడిచేలా ఉన్నది తీసుకోండి. టేబుల్ అంచును పట్టుకునే బిగింపు, అంటే క్లాంప్, దాని కింద, పైన ఇనుప ప్లేట్లు వేయండి. ఇక మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: టేబుల్‌ను గోడ నుంచి కాస్త ముందుకు జరపాల్సి వస్తుంది. అది కుదరకపోతే ఎంత ఖరీదైన ఆర్మ్ కొన్నా దాన్ని సగమే వాడుకోగలరు.

స్టాండ్లు అమ్మే పేజీల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది "17 నుంచి 32 అంగుళాల వరకు" అనే మాట. నన్నడిగితే దాన్ని పక్కన పెట్టేయవచ్చు. అంగుళాలు స్క్రీన్ మూల నుంచి మూలకు ఉన్న కొలత. స్టాండుకు కావాల్సింది అది కాదు. దానికి కావాల్సినవి మానిటర్ వెడల్పు, బరువు, వెనక స్క్రూ రంధ్రాలు. ఇక మీ టేబుల్ వైపు నుంచి పలక మందం, వెనక అంచు కింద ఖాళీ, గోడ దూరం. ఈ ఆరింటిలో మొదటి మూడు అందరూ చూస్తారు, తర్వాతి మూడూ స్టాండు ఇంటికొచ్చాక గుర్తొస్తాయి. స్టాండు వెనక్కి పంపించాల్సి వచ్చిన సందర్భాల్లో కారణం దాదాపు ఎప్పుడూ టేబులే.

వెడల్పుతో మొదలుపెడదాం. 16:9 నిష్పత్తి ఉన్న 27 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 60 సెం.మీ., చుట్టూ ఫ్రేముతో కలిపి 61 అనుకోండి. రెండూ ఒకే వరుసలో పెడితే 122 సెం.మీ. మీ టేబుల్ కంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ. మానిటర్లు గాల్లోనే ఉంటాయి కాబట్టి అంచు దాటినంత మాత్రాన పడిపోవు, కానీ పక్కన అల్మారా గానీ తలుపు గానీ ఉంటే తగులుతుంది. అసలు ఇబ్బంది మెడకు. కళ్లకు ఎదురుగా రెండు మానిటర్ల మధ్య గీత ఉంటే చివరి అంచు పక్కకు 61 సెం.మీ. దూరంలో ఉంటుంది. స్క్రీన్ మీ ముఖం నుంచి అరవై సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే ఆ చివర చూడ్డానికి చూపు 45 డిగ్రీలు తిరగాలి, పైగా ఆ అంచు కంటికి మరీ దూరంగా, ఏటవాలుగా కనిపిస్తుంది.

అందుకే రెండు మానిటర్లనూ కొద్దిగా లోపలికి తిప్పి వెడల్పాటి 'వి' ఆకారంలో పెట్టాలి. ఒక్కోదాన్ని 20 డిగ్రీలు తిప్పితే మొత్తం వెడల్పు 122 నుంచి 115కి తగ్గుతుంది, టేబుల్ లోపలే ఉంటుంది. దానికి బదులుగా బయటి అంచులు 21 సెం.మీ. ముందుకొస్తాయి. అరవై సెంటీమీటర్ల లోతున్న టేబుల్ మీద 21 సెంటీమీటర్లంటే తక్కువేమీ కాదు. అంటే మధ్య గీతను వీలైనంత వెనక ఉంచాలి. కథంతా ఇక్కడే మొదలవుతుంది.

రెండు ముక్కల చేయి ఎలా కదులుతుందో ఒకసారి ఊహించుకోండి. పోల్ దగ్గర ఒక కీలు, మధ్యలో ఒక కీలు, మానిటర్ దగ్గర ఒకటి. ఒక్కో ముక్క 22, 23 సెం.మీ. ఉంటే చేయి పూర్తిగా చాచితే 45 వస్తుంది. మానిటర్ వెనక స్క్రూలు బిగించే చోటు పోల్ నుంచి పక్కకు 30 సెం.మీ. దూరంలోనే ఉండాలి, ఎందుకంటే మానిటర్ వెడల్పులో సగం అంతే. చేయి పొడవు 45, కావాల్సింది 30 చిల్లర. మిగిలిన పొడవు ఎక్కడికో పోవాలి కదా? మధ్య కీలు మడతపడి వెనక్కి పొడుచుకొస్తుంది.

లెక్క వేసి చెబుతాను. మానిటర్లను 'వి' ఆకారంలో పెట్టి, మధ్య గీతను పోల్‌కు 10 సెం.మీ. ముందు ఉంచితే, మధ్య కీలు పోల్ వరుస కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే వెనక ఉంటుంది. పర్వాలేదు. అదే మానిటర్లను తిన్నగా ఒకే వరుసలో, వీలైనంత వెనక్కి తోసి పెడితే, మధ్య కీలు పోల్ వెనక 11, 12 సెం.మీ. వరకు వెళ్తుంది. పోల్ ఉండేదే టేబుల్ వెనక అంచు దగ్గర. కాబట్టి టేబుల్ గోడకు ఆనించి ఉంటే కీలు గోడకు కొట్టుకుంటుంది, మానిటర్ అంతకంటే వెనక్కి పోదు. మానిటర్‌తో వచ్చిన స్టాండు మీద ఉన్నప్పటి కంటే ఇప్పుడే ముఖానికి దగ్గరగా ఉందని కొందరు వాపోయేది ఇందుకే. టేబుల్ మీద స్థలం మిగుల్చుకుందామని కొన్నది, ఉన్న స్థలాన్ని మింగేస్తుంది.

ఆర్మ్ ముక్కలు ఎంత పొడవుంటే ఈ సమస్య అంత పెద్దది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 54 సెం.మీ. లోపే, దానికి పొడవైన ఆర్మ్ తగిలిస్తే మడత ఇంకా వెనక్కి వెళ్తుంది. 32 అంగుళాలదైతే వెడల్పు 71 దాకా ఉంటుంది, అక్కడ ఇబ్బంది తిరగబడుతుంది: చేయి దాదాపు పూర్తిగా చాచాల్సి రావడంతో మానిటర్‌ను ముందుకు తెచ్చుకోవడానికి పొడవు మిగలదు. 34 అంగుళాల అల్ట్రావైడ్ ఒక్కటే 80 సెం.మీ. పైన ఉంటుంది. అలాంటివి రెండింటిని ఒకే పోల్‌కు పక్కపక్కన వేలాడదీయాలనుకోకండి. మీ 27 మాత్రం 45 పొడవుకు సరిగ్గా సరిపోయే కొలత.

ఒకే పొడవాటి కడ్డీకి రెండు మానిటర్లు తగిలించే స్టాండ్లు కూడా ఉన్నాయి, వాటిలో మధ్య కీళ్లు ఉండవు. చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి, వెనక స్థలం దాదాపు అక్కర్లేదు. గోడ దూరం అసలు ఇవ్వలేని వాళ్లకు ఇవి మంచివే. కానీ ఒక మానిటర్‌ను విడిగా ముందుకు తెచ్చుకోవడం, విడిగా ఎత్తడం వీటిలో కుదరదు, లేదా అతి కొద్దిగా కుదురుతుంది. మీరు ఒకదాన్ని నిలువుగా తిప్పాలంటున్నారు కాబట్టి మీకు వద్దంటాను.

కాబట్టి స్టాండు కొనేముందు ఒక పని చేయండి. అట్టముక్కలు కత్తిరించి, కొనాలనుకుంటున్న ఆర్మ్ రెండు ముక్కల పొడవుకు తయారు చేసి, గుండుసూదితో కలిపి, టేబుల్ వెనక అంచు మీద పెట్టి తిప్పి చూడండి. మడత గోడకు ఎక్కడ తగులుతుందో కళ్లకు కనిపిస్తుంది. ఆ దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపి టేబుల్‌ను ముందుకు జరపండి. క్లాంప్ వెనక భాగం కూడా అంచు బయటికి కొన్ని సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి గోడకు పూర్తిగా ఆనించడం ఎలాగూ కుదరదు. ఆ సందులో పెన్నులూ ఛార్జర్లూ పడిపోతుంటాయని చాలామంది సణుగుతారు. పడతాయి, నిజమే.

టేబుల్ జరపడానికి అసలు వీల్లేకపోతే రెండో దారి గ్రోమెట్. టేబుల్ పలకకు రంధ్రం చేసి, దాంట్లోంచి బోల్టు కిందికి దించి బిగించే పద్ధతి. వెనక అంచు నుంచి ఎనిమిది, పది సెంటీమీటర్లు లోపల రంధ్రం చేస్తే మడతకు కావాల్సిన చోటు టేబుల్ మీదే దొరుకుతుంది. వెనక కేబుళ్ల కోసం ముందే రంధ్రం ఉన్న టేబుళ్లు కొన్ని ఉంటాయి, దాన్నే వాడుకోవచ్చు, కాకపోతే స్టాండు ఎంత వ్యాసం వరకు ఒప్పుకుంటుందో చూడాలి. మీ పలక పార్టికల్ బోర్డు కాబట్టి కొత్తగా రంధ్రం చేస్తే అంచులు పొడిపొడిగా రాలతాయి. పదునైన హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) వాడి, పైనుంచి సగం, కిందినుంచి సగం కోయాలి. అద్దె ఇంట్లోని ఫర్నిచర్ అయితే ఈ మాట మరిచిపోండి.

ఇప్పుడు టేబుల్ బలం. రెండు మానిటర్లూ కలిపి తొమ్మిది కిలోలు, ఆర్మ్‌ల బరువు కలిపి పదకొండు అనుకుందాం. పదకొండు కిలోలకే టేబుల్ విరుగుతుందా అని అనిపిస్తుంది. బరువు నేరుగా కిందికి దిగితే ఏమీ కాదు, ఆ టేబుల్ మీద మీరు మోచేతులు ఆనించినప్పుడు పడేదీ దాదాపు అంతే. కానీ ఇక్కడ బరువు ముందుకు చాచిన చేతి చివర వేలాడుతుంది. మానిటర్లను పోల్‌కు 40 సెం.మీ. ముందుకు లాగారనుకోండి. క్లాంప్ టేబుల్‌ను పట్టుకునే లోతు 8 సెం.మీ. అయితే, 11ను 40తో గుణించి 8తో భాగిస్తే 55. అంటే క్లాంప్ దవడలు పలకను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ సుమారు 55 కిలోల బలంతో నొక్కుతాయి. గునపంతో బండరాయి లేపడంలో ఉన్న సూత్రమే, కాకపోతే ఇక్కడ బండరాయి స్థానంలో ఉన్నది మీ టేబుల్ అంచు. పైగా కింది దవడ చివర ఉండేది నాలుగైదు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల. ఆ బలమంతా ఆ చిన్న బిళ్ల మీదే పడుతుంది.

మంచి విషయం ఏమిటంటే, మానిటర్లను 20 సెం.మీ. దూరంలోనే ఉంచుకుంటే ఆ బలం సగానికి తగ్గుతుంది. మీ టేబుల్ లోతుకు అంతకంటే ముందుకు తేవాల్సిన అవసరం కూడా రాదు. గట్టి పార్టికల్ బోర్డు, 18 మి.మీ., దీన్ని తట్టుకుంటుంది. విరగదు, కానీ నెలలు గడిచేకొద్దీ బిళ్ల కింద గుంట పడుతుంది, గుంట పడేకొద్దీ క్లాంప్ వదులవుతుంది, స్టాండు ముందుకు వాలుతుంది. ఇనుప ప్లేట్లు వేయమన్నది దీనికే. మానిటర్ క్లాంప్‌ల కోసమే జతగా ప్లేట్లు దొరుకుతాయి, పైన ఒకటి, కింద ఒకటి. దొరక్కపోతే 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క అరచేతి కంటే పెద్దది కోసి కింద వేసినా పని జరుగుతుంది. పలక, ప్లైవుడ్ కలిపిన మందం క్లాంప్ పట్టుకోగల గరిష్ఠ మందానికి లోబడి ఉండాలి, అంతే.

మీ టేబుల్ నిజంగానే గట్టిదా అన్నది మాత్రం ఒకసారి నిర్ధారించుకోండి. కొన్ని తేలికపాటి టేబుళ్లలో పైపలక చూడ్డానికి మందంగా ఉంటుంది కానీ లోపల తేనెపట్టులా మడిచిన అట్ట, చుట్టూ సన్నటి ఫ్రేము మాత్రమే ఉంటాయి. ఐకియా లిన్‌మన్ పలకలు ఈ రకమే. మందం 18 మి.మీ. అని మీరే కొలిచి చెప్పారు కాబట్టి మీది అలాంటిది కాకపోవచ్చు, ఎందుకంటే బోలు పలకలు సాధారణంగా 30 మి.మీ. పైన ఉంటాయి. అయినా వేలితో కొట్టి చూడండి, అంచు దగ్గరా మధ్యలోనూ శబ్దం ఒకేలా ఉండాలి. బోలు పలక అయితే అంచు ఫ్రేము మీద క్లాంప్ పడినా కింది బిళ్ల లోపలి అట్ట భాగం మీద పడి పలక పైపొర లోపలికి నలిగిపోతుంది. వెడల్పాటి ప్లేటు లేకుండా అలాంటి పలక మీద రెండు మానిటర్లు వేలాడదీయకూడదు.

ఇది చదివే వాళ్లలో గాజు టేబుల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే: క్లాంప్ వద్దు, గ్రోమెట్ వద్దు. టెంపర్డ్ గాజు మధ్యలో ఎంత బలంగా ఉన్నా అంచుల దగ్గర, ఒకేచోట పడే ఒత్తిడికి బలహీనం. పగిలితే మొత్తం ఒకేసారి ముక్కలవుతుంది. బరువైన అడుగు ఉన్న ఫ్రీ స్టాండింగ్ రకం గానీ, గోడకు బిగించే రకం గానీ చూసుకోండి.

మర్చిపోయే ఇంకో సంగతి పలక కింద ఏముందన్నది. చాలా టేబుళ్లకు వెనక అంచు పొడవునా ఇనుప పట్టీ గానీ, నిలువు చెక్క గానీ ఉంటుంది. క్లాంప్ కింది దవడకు అంచు నుంచి లోపలికి ఏడెనిమిది సెంటీమీటర్ల చదునైన ఖాళీ కావాలి. పట్టీ అడ్డొస్తే దవడ పట్టదు. సగం పట్టీ మీద, సగం పలక మీద ఒరిగేలా బిగించారో, స్టాండు మొదటిరోజు నుంచే వంకరగా ఉంటుంది. ఎత్తు మార్చుకునే సిట్ స్టాండ్ డెస్కుల్లో కొన్నిటికి ఈ పట్టీ సరిగ్గా మధ్యలో, మనం స్టాండు పెట్టాలనుకునే చోటే వస్తుంది.

ఇక గ్యాస్ స్ప్రింగా, పోలా అన్న అసలు ప్రశ్న. పోల్ స్టాండులో మానిటర్ ఎత్తు ఒక రింగు బిగింపు నిర్ణయిస్తుంది. ఎత్తు మార్చాలంటే ఒక చేత్తో మానిటర్ పట్టుకుని, ఇంకో చేత్తో స్క్రూ వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించాలి. రోజూ చేసే పని కాదు. పక్కలకు తిప్పడం, ముందుకు లాగడం మాత్రం మామూలుగానే చేయవచ్చు. గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్‌లో నైట్రోజన్ నింపిన సిలిండర్ మానిటర్ బరువుకు ఎదురుగా తోస్తుంటుంది కాబట్టి వేలితో ఎత్తినా లేస్తుంది, వదిలిన చోటే ఆగుతుంది. హాయిగా ఉంటుంది, కాదనను.

కానీ ఒక్కరే కూర్చునే టేబుల్ మీద ఆ హాయి ఎన్నిసార్లు వాడతారు? నేను అమర్చిన చోట్ల చాలావాటిలో గ్యాస్ ఆర్మ్‌లు మొదటివారం పైకీ కిందికీ తిరిగాయి, తర్వాత దుమ్ము పట్టి ఒకేచోట ఉండిపోయాయి. ఇద్దరు మనుషులు వేరువేరు షిఫ్టుల్లో ఒకే టేబుల్ వాడితే, నిలబడీ కూర్చునీ పనిచేసే అలవాటు ఉంటే, పక్కవాళ్లకు స్క్రీన్ తరచూ తిప్పి చూపించాల్సి వస్తే గ్యాస్ స్ప్రింగ్ కొనండి, డబ్బు వృథా కాదు. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు.

కొనాలనే నిర్ణయించుకుంటే చూడాల్సింది గరిష్ఠ బరువు ఒక్కటే కాదు, కనిష్ఠ బరువు కూడా. ఉదాహరణకు 2 నుంచి 9 కిలోలు అని రాసి ఉంటే మీ నాలుగున్నర కిలోల మానిటర్ హాయిగా మధ్యలో ఉంటుంది. అదే బరువైన అల్ట్రావైడ్‌ల కోసం చేసిన, 6 కిలోల దగ్గర మొదలయ్యే ఆర్మ్ తెచ్చారనుకోండి, స్ప్రింగ్ బిగుతు మార్చే టెన్షన్ స్క్రూ ఎంత వదులు చేసినా మానిటర్ దానంతటదే పైకి తేలిపోతుంది. ఎక్కువ బరువు మోసేదైతే ఎక్కువ మంచిది అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. గరిష్ఠ బరువుకు అంచున ఉన్నా ఇబ్బందే, ఏళ్లు గడిచేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి కొంత తగ్గుతుంది, అప్పుడు మెల్లగా కిందికి జారడం మొదలవుతుంది. టెన్షన్ బిగించడానికి కొంత మిగులు ఉండాలి. వంపు తిరిగిన కర్వ్‌డ్ మానిటర్లలో బరువు స్క్రూల చోటు నుంచి ముందుకు ఉంటుంది కాబట్టి ఎత్తు నిలబడినా మానిటర్ ముందుకు వంగిపోతుంది. దాన్ని మోసేది స్ప్రింగ్ కాదు, మానిటర్ వెనక వంపును పట్టి ఉంచే టిల్ట్ స్క్రూ.

గ్యాస్ ఆర్మ్‌తో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్మ్ కిందికి వంచి ఉన్నప్పుడు మానిటర్ విప్పితే, అడ్డుగా ఉన్న బరువు పోవడంతో ఆ చేయి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ముఖం పైన ఉంటే దవడ పగులుతుంది. విప్పేముందు ఆర్మ్‌ను పూర్తిగా పై స్థాయికి తెచ్చి, అప్పుడు మానిటర్ తీయండి. పెట్టెలోంచి తీసేటప్పుడు కట్టి ఉన్న పట్టీని కూడా తొందరపడి కోయకండి.

వెసా రంధ్రాల (మానిటర్ వెనక స్టాండు బిగించే ప్రామాణిక రంధ్రాల) గురించి ఎక్కువ చెప్పను. మీ సైజు మానిటర్లకు వెనక 75 × 75 లేదా 100 × 100 మి.మీ. దూరంలో నాలుగు రంధ్రాలుంటాయి, వాటికి ఎం4 స్క్రూలు. దాదాపు అన్ని స్టాండ్లూ రెండు కొలతలకూ సరిపోతాయి. మీవి చదునుగా ఉన్నాయా, లోపలికి దిగిన గుంటలో ఉన్నాయా చూడండి. గుంటలో ఉంటే స్టాండు ప్లేటు లోపలికి పట్టదు, మధ్యలో ఎత్తు కోసం పెట్టే స్పేసర్లూ పొడవు స్క్రూలూ కావాలి. పొడవు స్క్రూ అవసరం లేని చోట వాడితే లోపలి భాగాలకు గుచ్చుకుంటుంది, గట్టిగా ఆగిన చోట ఇంక తిప్పకండి. కొన్ని మానిటర్లకు రంధ్రాలే ఉండవు, వాటికి విడిగా అడాప్టర్ బ్రాకెట్ వెతకాలి. ఆపిల్ స్టూడియో డిస్‌ప్లే లాంటి వాటిలో స్టాండు కావాలా, వెసా కావాలా అన్నది కొనేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మనం మార్చుకోలేం. బరువు చూసేటప్పుడు స్పెసిఫికేషన్ పేజీలో "స్టాండు లేకుండా" అన్న అంకె తీసుకోండి. మీరు ఇప్పటికే అలా చూశారు, సంతోషం.

ఎత్తు సంగతికి వస్తే, అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా సూచన ప్రకారం స్క్రీన్ ముఖానికి 50 నుంచి 100 సెం.మీ. దూరంలో ఉండాలి, స్క్రీన్ మధ్య భాగం కంటి మట్టానికి 15 నుంచి 20 డిగ్రీలు కిందికి ఉండాలి. మీ టేబుల్ మీద దూరం 60 సెం.మీ. దగ్గర తేలుతుంది. ఆ దూరంలో 15 డిగ్రీలంటే 16 సెం.మీ. మీ స్క్రీన్ ఎత్తు 34 సెం.మీ. లోపే, సగం 17. అంటే పై అంచును కంటి మట్టంలో పెడితే మధ్య భాగం దానంతటదే సరైన చోట ఉంటుంది. బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లు ఇంకా కిందికి దించుకోవాలి, లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తుతూ మెడ నొప్పి తెచ్చుకుంటారు. గ్యాస్ ఆర్మ్‌లలో కొన్ని కావాల్సినంత కిందికి దిగవు. పొట్టివాళ్లు, కళ్లద్దాల వాళ్లు గరిష్ఠ ఎత్తు చూసి మురిసిపోకుండా కనిష్ఠ ఎత్తు ఎంతో చూడాలి. పోల్‌కు ఈ బాధ లేదు, రింగు ఎంత కిందికైనా దిగుతుంది.

ఇప్పుడు మీరు చివర్లో, ఏదో అదనపు కోరికలా రాసిన మాట. ఒకదాన్ని నిలువుగా తిప్పాలని. నిజానికి మీ టేబుల్‌కు అదే మంచి ఏర్పాటని నా అభిప్రాయం. అడ్డంగా ఒకటి 61 సెం.మీ., నిలువుగా ఇంకొకటి 36, 37 సెం.మీ. మొత్తం 98. 120 సెం.మీ. టేబుల్ మీద ఇరవై సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది, వెడల్పు సమస్యే మాయమవుతుంది. కోడ్ చదవడానికి నిలువు స్క్రీన్ ఎలాగూ బాగుంటుంది, ఒకేసారి ఎక్కువ లైన్లు కనిపిస్తాయి. అడ్డంగా ఉన్నదాన్ని సరిగ్గా మీ ముఖానికి ఎదురుగా పెట్టి, నిలువుదాన్ని పక్కన కాస్త లోపలికి తిప్పండి. అప్పుడు మెడ మధ్య గీత దగ్గర కాకుండా ఒక స్క్రీన్ మధ్యలో ఆగుతుంది. సమానంగా వాడతామని చెప్పేవాళ్లలో చాలామంది నిజానికి ఒకదాన్నే ఎక్కువగా చూస్తారు.

ఇలా పెడితే రెండు విషయాలు మారతాయి. నిలువు మానిటర్ 61 సెం.మీ. ఎత్తుంటుంది కాబట్టి దాని మధ్యభాగం టేబుల్‌కు కనీసం 31 సెం.మీ. పైన ఉండాలి, లేకపోతే కింది అంచు బల్లకు తగులుతుంది. పోల్ ఎత్తు 40 సెం.మీ. పైన ఉన్నది చూసుకోండి. దాని పై అంచు కంటి మట్టానికి పైకి వెళ్తుంది, అది తప్పదు. తరచూ చూసేదాన్ని ఆ స్క్రీన్ కింది సగంలో ఉంచుకుంటే సరి. రెండోది, స్టాండును టేబుల్ మధ్యలో బిగించకండి. రెండు మానిటర్లు కలిసే గీత ఎక్కడ వస్తుందో దాని వెనక బిగించండి, అది టేబుల్ మధ్య నుంచి ఒక పక్కకు ఉంటుంది.

ఒకే పోల్‌కు రెండు కాకుండా విడివిడిగా రెండు సింగిల్ ఆర్మ్‌లు కొనడం ఇంకో దారి. బరువు రెండు చోట్ల పంచుకుంటుంది, ప్రతి మానిటర్‌నూ దానికి నచ్చిన చోట పెట్టుకోవచ్చు, రేపు ఒక మానిటర్ పెద్దది కొన్నా రెండోదాన్ని కదపక్కర్లేదు. పోల్ స్టాండు పెట్టిన చోట కింద పట్టీ అడ్డొస్తే కూడా ఇదే మార్గం, పట్టీ లేని రెండు చోట్లు దొరికితే. ఖర్చు మాత్రం కాస్త ఎక్కువవుతుంది. మొదటి మానిటర్ 32 అంగుళాలదై ఉంటే మీకు నేరుగా దీన్నే చెప్పేవాణ్ని.

బిగించే ముందు ఒక పరీక్ష. టైప్ చేస్తున్నప్పుడు టేబుల్ మీద నీళ్ల గ్లాసులో అలలు లేస్తున్నాయా చూడండి. లేస్తుంటే ఆర్మ్ మీద ఉన్న మానిటర్ ఇంకా ఎక్కువ ఊగుతుంది, ఎందుకంటే పొడవైన చేయి ఆ చిన్న కదలికను పెద్దది చేస్తుంది. అలాంటప్పుడు ముందు టేబుల్ కాళ్ల బోల్టులు బిగించాలి. స్టాండు ఎంత మంచిదైనా ఊగే టేబుల్‌ను ఆపలేదు.

అమర్చేటప్పుడు ముందు క్లాంప్ బిగించి, పోల్ నిటారుగా ఉందో లేదో చూసి, తర్వాత ఆర్మ్‌లు వేయండి. మానిటర్‌ను మెత్తటి దుప్పటి మీద బోర్లా పెట్టి వెసా ప్లేటు విడిగా బిగించి, ఆ తర్వాత తీసుకెళ్లి తగిలించండి. ప్లేటు విడిగా ఊడొచ్చే రకం కొంటే ఈ పని ఒక్కరే చేసుకోవచ్చు. కాకపోతే ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు స్క్రూలు తిప్పాలి. కేబుళ్లను మాత్రం వెంటనే కట్టేయకండి. ఆర్మ్‌ను పూర్తిగా ముందుకు లాగి, రెండు పక్కలకూ తిప్పి, నిలువు మానిటర్‌ను అడ్డంగానూ మళ్లీ నిలువుగానూ తిప్పి చూసి, ఎక్కడా బిగుసుకోవడం లేదని తేలాకే కేబుల్ టైలు వేయండి. నిలువుగా తిప్పినప్పుడు పోర్టులు కింది నుంచి పక్కకు వస్తాయి. డిస్‌ప్లే కేబుల్, కరెంటు వైరు రెండూ ఆ మలుపుకు సరిపడా వదులుగా ఉండాలి. మీ దగ్గరున్న కేబుళ్లు మానిటర్‌తో వచ్చిన పొట్టివే అయితే స్టాండుతోపాటే కాస్త పొడవైనవి తెప్పించుకోండి.